మూగబొమ్మలకు గొంతునిచ్చిన మన జాషువా

ప్రతి సంవత్సరం సెప్టెంబరు 28న మన హాస్టళ్లలో గుర్రం జాషువా గారి జయంతి జరుపుకుంటాం. ఫోటోకు పూలదండ వేస్తాం. గొంతు బాగున్న అన్నయ్య ఒకరు పద్యం అందుకుంటాడు. వార్డెన్ గారు నాలుగు మంచి మాటలు చెబుతారు. 'గబ్బిలం' రాసిన మహాకవి అని, నవయుగ కవి చక్రవర్తి అని, పద్మభూషణుడు అని మనందరికీ తెలుసు. పదో తరగతి చదివి వెళ్లిపోయిన మన పూర్వ విద్యార్థులకు కూడా ఆ పద్యాలు ఇంకా నోటికి వస్తాయి.

అయితే ఆయన జీవితంలో చాలామంది ఆగి చూడని చిన్న ముక్క ఒకటి ఉంది. జీవిత చరిత్రల్లో అది ఒకటి రెండు వాక్యాల్లో అయిపోతుంది. 1915-16లలో, ఇరవై ఏళ్ల వయసులో, జాషువా గారు రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశారు. అంటే మాటలు లేని బొమ్మలకు పక్కనుండి మాటలు చెప్పే పని. ఈ వార్షికోత్సవ సంచికలో ఆ చిన్న ముక్కను పట్టుకుని ఆయన జీవితమంతా చెప్పుకుందామని మా ప్రయత్నం.

ఎందుకంటే తెర మీద ఎవరు కనబడాలి, ఎవరిని చూసి ఎవరు నవ్వాలి, ఎవరి తరఫున ఎవరు మాట్లాడాలి అనే ప్రశ్నలు సినిమా పుట్టిన నాటి నుంచీ ఉన్నాయి. ఈ గడ్డ మీద పుట్టిన ఒక మనిషి ఆ ప్రశ్నలకు తన బతుకుతోనే జవాబు చెప్పాడు.

రెండు వాడలకూ కాని పిల్లవాడు

జాషువా గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. అప్పటికి గుంటూరు జిల్లా ఇంకా ఏర్పడలేదు. 1904లో ఆ జిల్లా ఏర్పడేదాకా వినుకొండ కృష్ణా జిల్లాలో ఉండేది. ఇప్పుడది పల్నాడు జిల్లాలోకి వచ్చింది. తండ్రి వీరయ్య గారు యాదవ కులస్థుడు, క్రైస్తవ మతం తీసుకున్నవారు. తల్లి లింగమాంబ గారు మాదిగ. ఆ పెళ్లిని అటువాళ్లూ ఒప్పుకోలేదు, ఇటువాళ్లూ ఒప్పుకోలేదు. పిల్లవాడు రెండువైపులా పరాయివాడే అయ్యాడు. బడిలో చేరిన తరువాత ఆ పరాయితనం ఇంకా బాగా తెలిసివచ్చింది. తోటి పిల్లలు హేళన చేసేవారు. పంతుళ్లు దూరంగా ఉంచేవారు.

ఆ పిల్లవాడికి బొమ్మలు గీయడం, పాటలు పాడడం అంటే ఇష్టం. చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి గారి సాంగత్యంలో కవిత్వం మీద మక్కువ పెరిగింది. ఇద్దరూ కలిసి జంటకవులుగా పద్యాలు చెబుదామని కూడా అనుకున్నారు గానీ, ఆ ఆలోచన ముందుకు సాగలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర కాళిదాసు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. ఈ మేఘసందేశాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. కథలో అది మళ్లీ వస్తుంది.

1910లో మేరీ గారితో వివాహం అయింది. మిషనరీ పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడిగా చేరారు. కొంతకాలానికి ఆ ఉద్యోగం పోయింది. ఇల్లు గడవాలి. పల్నాటి మెట్టనేల నుంచి గోదావరి ఒడ్డుకు, రాజమండ్రికి, బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లారు. మిరపకోతలకూ, పత్తితీతలకూ ఊళ్లు దాటి వలసవెళ్లే అమ్మానాన్నల పిల్లలకు ఈ ప్రయాణం ఎలాంటిదో విడమరచి చెప్పనక్కరలేదు.

తెర పక్కన నిలబడే పని

ఆ రోజుల్లో సినిమాకు నోరు లేదు. బొమ్మ కదులుతుంది, పెదవులు ఆడతాయి, మాట వినబడదు. మధ్యమధ్య అట్టముక్క లాంటి చిత్రం మీద నాలుగు అక్షరాలు పడతాయి. మన దేశంలో ఆడే బొమ్మల్లో ఎక్కువ భాగం ఫ్రాన్సు, ఇంగ్లండు, అమెరికాల నుంచి వచ్చేవి. కాబట్టి ఆ అక్షరాలూ పరాయి భాషలోనే ఉండేవి. 1911 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవను రాయను వచ్చినవారు నూటికి ఆరుగురు. మరి మిగతా తొంభై నలుగురికి బొమ్మ ఎలా అర్థం కావాలి? అందుకే వాచకుడు కావలసివచ్చాడు.

మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య గారు 1910 నుంచి ఊరూరా తిరిగి బొమ్మలు ఆడించి తెలుగువారికి సినిమాను అలవాటు చేశారు. డేరాల్లో, రేకుల షెడ్లలో ఆటలు నడిచేవి. ఆపరేటరు చేత్తో మిషను తిప్పుతూ ఉంటాడు. వాచకుడు తెర పక్కన నిలబడి కథ చెబుతాడు, పాత్రల సంభాషణలు తానే పలుకుతాడు. రాజుకు ఒక గొంతు, దొంగకు ఒక గొంతు, ఏడ్చే తల్లికి ఒక గొంతు. ఒక్కో రీలు పది పన్నెండు నిమిషాలకు అయిపోతుంది. రీలు మార్చేటప్పుడు చీకట్లో కూర్చున్న జనం గోలచేయకుండా చూసుకోవడానికి కూడా గొంతే ఆధారం.

జపానులో ఈ పని చేసేవారిని బెన్షీలు అనేవారు. అక్కడ పేరున్న బెన్షీ కోసమే జనం ఆటకు వెళ్లేవారు. నటుడితో సమానమైన గౌరవం వాళ్లకు దక్కింది. మన దగ్గర వాచకుడి పేరు గోడ మీది ప్రకటనలోకి ఎక్కడం అరుదు. కాకినాడలో పుట్టిన కస్తూరి శివరావు గారు కూడా మొదట మూకీలకు వ్యాఖ్యానం చెప్పి, తరువాత తెర మీద హాస్యనటుడై, 1949లో 'గుణసుందరి కథ'లో కథానాయకుడిగా నటించారు. అంటే తెర పక్కన గొంతుగా ఉన్నవాళ్లలో కొందరు తెర మీద ముఖంగా కూడా మారారు.

పల్లెటూళ్లలో పెరిగిన మనకు ఈ పని కొత్తది కాదు. తోలుబొమ్మలాటలో తెల్లగుడ్డ వెనక కూర్చున్న మనిషి రాముడికీ రావణుడికీ తానే గొంతు ఇస్తాడు. కథ బరువెక్కినప్పుడు కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి తిట్టుకుంటారు, తన్నుకుంటారు, కిందపడతారు, మళ్లీ లేస్తారు. తెల్లవార్లూ జనాన్ని నిద్రపోకుండా కూర్చోబెట్టేది వాళ్లే.

దెబ్బ తగలని కర్ర

విదేశీ బొమ్మల్లోనూ కేతిగాళ్లు ఉన్నారు. ఆ రకం హాస్యాన్ని స్లాప్‌స్టిక్ అంటారు. పూర్వం యూరపు నాటకాల్లో హాస్యగాళ్లు రెండు చెక్కబద్దలు కలిపి కట్టిన కర్రతో కొట్టుకునేవారు. చప్పుడు గట్టిగా వస్తుంది, దెబ్బ మాత్రం తగలదు. పేరు అందులోంచి వచ్చింది. అమెరికాలో 1912లో మొదలైన కీస్టోన్ అనే కంపెనీ ఇలాంటి చిన్న బొమ్మలను వరసగా తీసింది. పోలీసులు ఒకరి మీద ఒకరు పడడం, ముఖానికి కేకు కొట్టుకోవడం, కారు గోడకు గుద్దుకోవడం. మాట అవసరం లేని హాస్యం కాబట్టి అది ప్రపంచమంతా తిరిగింది.

చార్లీ చాప్లిన్ 1914లో ఆ కంపెనీ బొమ్మలతోనే తెర మీదికి వచ్చాడు. ఆయన లండన్‌లో కటిక పేదరికంలో పుట్టినవాడు. ఏడేళ్ల వయసులో తల్లితో, అన్నతో కలిసి అనాథాశ్రయం లాంటి వర్క్‌హౌస్‌లో చేరవలసివచ్చింది. తరువాత దిక్కులేని పిల్లల బడిలో ఉన్నాడు. అలాంటివాడు చిరిగిన బూట్లు, వదులు ప్యాంటు వేసుకుని దేశదిమ్మరి వేషం కడితే ప్రపంచంలోని పేదలందరూ తమవాడనుకున్నారు. తెర మీద పేదవాడిని పేదవాడే చూపిస్తే నవ్వు ఎలా మారుతుందో దానివల్ల తెలుస్తుంది. అక్కడ పేదవాడు పడతాడు, కానీ చివరికి నవ్వులపాలయ్యేది లావుపాటి యజమాని, లాఠీ పట్టుకున్న పోలీసు.

అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. ఆనాటి హాస్యచిత్రాల్లో నల్లవాళ్లను, చైనావాళ్లను, యూదులను వెక్కిరించడానికే పాత్రలుగా పెట్టేవారు. నల్లవాడి పాత్రను చాలాసార్లు తెల్లవాడే ముఖానికి మసి పూసుకుని వేసేవాడు. బెర్ట్ విలియమ్స్ అనే గొప్ప హాస్యనటుడు ఉండేవాడు. 1874లో బహామాస్ దీవుల్లో పుట్టిన నల్లజాతివాడు. 1903లో లండన్ రాజప్రాసాదంలో ప్రదర్శన ఇచ్చిన బృందానికి నాయకుల్లో ఒకడు. అంతటివాడు కూడా వేదిక ఎక్కాలంటే కాల్చిన బెండుమసి ముఖానికి పూసుకోవలసిందే. తన సహజమైన రంగు చాలదట! తెల్లవాళ్లు ఊహించుకున్నంత నల్లగా కనబడాలట! 1916లో ఆయన 'ఎ నాచురల్ బార్న్ గ్యాంబ్లర్' అనే చిన్న హాస్యచిత్రంలో నటించాడు. అందులోనూ ముఖం నిండా మసే. అంతకు మూడేళ్ల ముందు, 1913లో, దాదాపు అందరూ నల్లజాతి నటులతోనే ఆయన నటించిన ఒక చిత్రం విడుదల కాకుండానే పెట్టెలో ఉండిపోయింది. వందేళ్ల తరువాత, 2014లో, న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం దాన్ని జనానికి చూపించింది. ఆయన మాత్రం 1922లోనే కన్నుమూశాడు.

ఇక్కడ ఆ సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడమని కోరుతున్నాం. 1916లో అమెరికాలో బెర్ట్ విలియమ్స్ ముఖం మసి వెనక దాగింది. అదే కాలంలో రాజమండ్రిలో మన జాషువా గారి ముఖం చీకటి వెనక దాగింది. అక్కడ నల్లవాడు కనబడ్డాడు గానీ తన ముఖంతో కాదు. ఇక్కడ అంటరానివాడన్న మనిషి వినబడ్డాడు గానీ ముఖమే లేకుండా. ఒకరిది మాటలేని ముఖం, ఒకరిది ముఖంలేని మాట.

దీపాలు వెలిగిన తరువాత

చీకట్లో గొంతుకు కులం లేదు. ఆ గొంతు చెబితే బొమ్మ అర్థమైంది, నవ్వు వచ్చింది, కన్నీళ్లు వచ్చాయి. మరి వెలుతురులో ఏం జరిగింది? జాషువా గారి జీవితంలో మనందరికీ తెలిసిన రెండు సంఘటనలను ఈ దృష్టితో మళ్లీ చూడాలి.

వినుకొండలో ఒక అవధాన సభ జరిగింది. అక్కడ జాషువా గారు పాల్గొంటే, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు అడ్డుచెప్పారు. పద్యంలో తప్పుపట్టలేక కాదు, పద్యం చదివిన మనిషిని చూసి.

రెండవది రైలులో జరిగింది. వెంకటగిరి రాజాను దర్శించడానికి వెళుతూ, తోటి ప్రయాణికుడితో మాటలు కలిసి తన పద్యాలు వినిపించారు. ఆయన తన్మయుడై మెచ్చుకున్నాడు. ఆ తరువాత కులం అడిగాడు. చెప్పగానే లేచి వెళ్లిపోయాడు. ఆ బాధలోంచి పుట్టిన పద్యం తెలుగునాట తెలియనివారు లేరు. మెచ్చుకున్నదీ అదే చెవి, వెళ్లిపోయిందీ అదే మనిషి. మధ్యలో మారింది ఒక్కటే, పేరు పక్కన కులం తెలియడం.

ఇంకో వైపు నుంచి కూడా దెబ్బ తగిలింది. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ కథల మీద కావ్యాలు రాస్తున్నాడని తన మతంవాళ్లే ఆయనను వెలివేశారు. బాల్యంలో రెండు వాడలకూ కాని పిల్లవాడు, పెద్దయ్యాక రెండు మతాలకూ కాని కవి అయ్యాడు. అయినా కలం ఆగలేదు. గుంటూరులో లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశారు. 1928 నుంచి 1942 వరకు గుంటూరులోనే ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణా కళాశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. ఒకప్పుడు దూరంగా కూర్చోబెట్టిన పిల్లవాడే ఉపాధ్యాయులను తయారుచేసే ఉపాధ్యాయుడు అయ్యాడు. మన హాస్టల్ నుంచి డి.ఎడ్., బి.ఎడ్.లకు వెళుతున్నవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

హరిశ్చంద్రుడి నోట మన పద్యం

1913లో దాదాసాహెబ్ ఫాల్కే గారు తీసిన 'రాజా హరిశ్చంద్ర' మన దేశంలో తయారైన మొదటి పూర్తి నిడివి కథాచిత్రంగా పేరుపొందింది. అదీ మూకీయే. అందులో తారామతి వేషం కట్టడానికి స్త్రీలు ముందుకు రాలేదు. సాలుంకే అనే పురుషుడే ఆ పాత్ర వేశాడు. అంటే మన సినిమా మొదటి అడుగులోనే స్త్రీ తెర మీద లేదు, స్త్రీ వేషం మాత్రం ఉంది.

అదే హరిశ్చంద్ర కథ మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పద్యనాటకంగా తెల్లవార్లూ ఆడేది. కాటిసీను కోసం జనం చాపలు వేసుకుని కూర్చునేవారు. ఆ సీనులో హరిశ్చంద్ర వేషధారులు జాషువా గారి శ్మశానవాటి పద్యాలను అందుకున్నారు. నాటకం రాసిన కవి వేరు, పద్యాలు జాషువా గారివి. రాగం తీసి పాడితే జనం వన్స్‌మోర్ కొట్టారు. జాషువా గారిని గుమ్మం అవతల నిలబెట్టే ఇళ్లవాళ్లు కూడా ఆ పద్యాలకు కన్నీళ్లు పెట్టుకున్నారు. రాజమండ్రి చీకట్లో మొదలైన పనే మళ్లీ జరిగింది. గొంతు వేరొకరిది అయింది, మాట మాత్రం ఆయనదే.

ఇంతకంటే కఠినమైన సంగతి పొరుగున కేరళలో జరిగింది. పి.కె. రోజీ అనే దళిత యువతి, జె.సి. డేనియల్ తీసిన 'విగతకుమారన్' అనే మూకీ చిత్రంలో నాయర్ స్త్రీ పాత్ర వేసింది. మలయాళ సినిమాలో మొదటి కథానాయిక ఆమె. తిరువనంతపురంలో బొమ్మ పడగానే, ఒక దళిత స్త్రీ అగ్రకులపు స్త్రీగా కనబడడమా అని గొడవలు చేశారు. ఆమె ప్రాణాలు దక్కించుకుని తమిళనాడు వైపు పారిపోయింది. మళ్లీ తెర మీద కనబడలేదు. మాటను భరించినవాళ్లు కూడా ముఖాన్ని భరించలేదని ఈ రెండు కథలూ కలిపి చెబుతున్నాయి.

1938లో గూడవల్లి రామబ్రహ్మం గారు 'మాలపిల్ల' తీశారు. తెనాలి ప్రాంతపు కాంచనమాల గారు కథానాయిక. కథ గుడిపాటి వెంకటచలం గారిది. ఆ కాలంలో అది పెద్ద సాహసం. వాడ కథ తెర మీదికి రావడం మేలే జరిగింది. అయినా కథ రాసిన చేయి గానీ, తీసిన చేయి గానీ ఆ వాడది కాదు. మన కథను మనమే చెప్పడానికి ఇంకొక రూపం కావలసివచ్చింది. దానికోసం మూడేళ్లు ఆగాలి.

గబ్బిలం చెప్పిన సందేశం

1941లో 'గబ్బిలం' వెలువడింది. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపుతాడు. జాషువా గారి కావ్యంలో అరుంధతీసుతుడైన ఒక పేదవాడు పరమశివుడికి కబురు పంపాలి. మేఘం అతనికి దొరకదు, రాజహంస అసలే పలకదు. అతని గుడిసెలోకి వచ్చే గబ్బిలం ఒక్కటే అతని మాట వింటుంది. పైగా గబ్బిలానికి గుడిలో అడ్డులేదు. గర్భగుడి చూరులో తలకిందులుగా వేలాడగలదు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. అందుకని తన గోడు శివుడి చెవిన వేయమని దాన్ని వేడుకుంటాడు.

ఈ ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో పండితులు మేఘసందేశాన్ని చూపించి చెబుతారు. అది నిజమే. కానీ మాకు ఇంకొకటి కూడా కనబడుతుంది. గబ్బిలం చీకట్లో తిరిగేది. తాను వెళ్లలేని చోటికి తన మాటను పంపడం అనే పనిని జాషువా గారు ఇరవై ఏళ్ల వయసులోనే చీకటి హాలులో చేశారు. తేడా ఒక్కటే. రాజమండ్రిలో ఆయన మూగబొమ్మల తరఫున మాట్లాడారు. 'గబ్బిలం'లో మాట్లాడనివ్వని మనుషుల తరఫున మాట్లాడారు. ఈసారి పుస్తకం అట్ట మీద ఆయన పేరు ఉంది, లోపల ఆయనవారి బతుకు ఉంది. చీకట్లో ఉండిపోకుండా వెలుతురులోకి వచ్చి నిలబడ్డారు.

1932లోనే వచ్చిన 'ఫిరదౌసి'లో, సుల్తాను మాట నమ్మి కావ్యం రాసి మోసపోయిన పారశీక కవి కథ చెప్పారు. పనిచేయించుకుని కూలి ఎగ్గొట్టే కథ మనకు కొత్తదా? 'ముంతాజు మహలు', 'నేతాజీ', 'బాపూజీ', 'ముసాఫరులు', ఇలా రాస్తూనే వెళ్లారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకులుగా పనిచేశారు. 1957 నుంచి 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ ప్రయోక్తగా ఉన్నారు. చూడండి, మళ్లీ గొంతే! రేడియో కూడా ముఖం కనబడని మాటే. అయితే ఈసారి ఆ పేరు దేశమంతా తెలిసిన పేరు.

గౌరవాలు ఆలస్యంగానైనా వచ్చాయి. ఆ తరంలో మహాపండితులైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు స్వయంగా జాషువా గారి కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అదే సంవత్సరం శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో పద్మభూషణ్, ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి కళాప్రపూర్ణ లభించాయి. తన జీవితాన్ని 'నా కథ' అనే పేరుతో తానే పద్యాల్లో రాసుకున్నారు. ఆ పేరులోనే అంతా ఉంది. ఇతరుల కథలకు గొంతు అరువిచ్చిన మనిషి చివరికి తన కథకు తానే వాచకుడయ్యారు. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

ఆ గొంతు అక్కడితో ఆగలేదు. ఆయన కుమార్తె హేమలతా లవణం గారు సంఘసంస్కర్త. స్టువర్టుపురంలో నేరస్థులన్న ముద్రపడిన కుటుంబాల మధ్య భర్త లవణం గారితో కలిసి పనిచేశారు. జోగినీ దురాచారం మీద పోరాడారు. ఎవరి తరఫునా ఎవరూ మాట్లాడని చోట మాట్లాడడం ఆ ఇంటి ఆస్తి.

మన వేదిక మీద నవ్వు

ఇప్పుడు మన సంగతి. 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు సినిమాకు మాట వచ్చింది. వాచకుడి పని పోయింది. కానీ నవ్వు ఎవరి మీద అనే ప్రశ్న పోలేదు. దశాబ్దాల తరబడి మన సినిమా హాస్యంలో దెబ్బలు తినే పనివాడు, నల్లటి రంగువాడు, లావుపాటి ఆడమనిషి, యాస మాట్లాడే పల్లెటూరివాడు కనబడుతూనే ఉన్నారు. కర్ర చప్పుడు మాత్రమే చేస్తుంది, దెబ్బ తగలదని నవ్వేవాళ్లు అంటారు. ఆ రంగూ, ఆ యాసా, ఆ పేరూ తనవే అయినవాడు హాలులో కూర్చుంటే వాడికి తగులుతుంది. మరుసటి రోజు తరగతిలో అదే మాటతో పిలిపించుకునేవాడికి ఇంకా గట్టిగా తగులుతుంది.

కాబట్టి వార్షికోత్సవం నాడు వేసే హాస్యనాటికల గురించి చిన్నతమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. నవ్వించండి, కడుపుబ్బ నవ్వించండి. పడండి, లేవండి, కేతిగాడిలా అల్లరి చేయండి. కానీ వేషాలు పంచుకునేటప్పుడు పనివాడి వేషం ఎప్పుడూ ఒకే పిల్లవాడికి వెళుతోందా, వాడి రంగు చూసి ఇస్తున్నారా అని ఒక్క నిమిషం ఆలోచించండి. చాప్లిన్ చేసినట్లు, పడేవాడు మనవాడైనా నవ్వులపాలయ్యేది అహంకారం కావాలి. రాసేవారు, దర్శకత్వం చేసేవారు, మైకు పట్టుకునేవారు కూడా మనలోంచే రావాలి.

అన్నయ్యలకు, అక్కయ్యలకు, అంటే చదువు ముగించుకుని ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకు ఇంకొక విన్నపం. మీలో ఉపాధ్యాయులు ఉన్నారు, విలేకరులు ఉన్నారు, కెమెరా పట్టినవాళ్లు ఉన్నారు. ఫోనులోనే సినిమా తీయగలిగిన కాలం ఇది. వందేళ్ల కిందట వినుకొండ పిల్లవాడికి దొరికింది తెర పక్కన చీకటి మూల మాత్రమే. ఆ మూలలో నిలబడి ఆయన నేర్చుకున్న విద్య మనకు ఇప్పుడు వెలుతురులో అందుబాటులో ఉంది. సెలవులకు హాస్టల్‌కు వచ్చినప్పుడు ఒక సాయంత్రం ఆ విద్య పిల్లలకు నేర్పండి. వాళ్ల అమ్మ కథ, వాళ్ల ఊరి కథ, వాళ్ల గొంతుతోనే చెప్పించండి.

జాషువా గారి ఫోటోకు దండ వేసేటప్పుడు మహాకవిని మాత్రమే కాక, రాజమండ్రి హాలులో తెర పక్కన నిలబడిన ఆ ఇరవై ఏళ్ల యువకుడిని కూడా తలుచుకుందాం. మూగబొమ్మకే ఆయన మాట ఇవ్వగలిగితే, నోరున్న మనం మౌనంగా ఉండడం ఆయనకు నివాళి కాదు.